మా ఇంట్లో ఒకే ఒక్క ఇంగ్లీషు మాట

మా నాయనకు ఇంగ్లీషు రాదు. ఎనిమిదో తరగతితో చదువు ఆగిపోయింది. అయినా ఒక ఇంగ్లీషు మాట మాత్రం ఆయన నోట్లో రోజుకు వందసార్లు ఆడేది. లైను. "లైను పోయింది" అంటే కరెంటు పోయిందని. "లైనొచ్చింది" అంటే వచ్చిందని. "లైను మీదికి పోతుండా" అంటే ఇక ఏ రాత్రికి ఇల్లు చేరతాడో అమ్మకు కూడా తెలియదని. "లైను పడింది" అంటే గాలివానకు ఎక్కడో తీగ తెగిందని, ఆ పూట కంచంలో అన్నం కంచంలోనే ఉండిపోతుందని.

నాయన కరెంటు లైన్‌మ్యాన్. కందుకూరు, గుడ్లూరు, ఉలవపాడు పల్లెల్లో ముప్పై ఏళ్ళకు పైగా స్తంభాలెక్కాడు. మా వీధిలో ఆయన్ని పేరు పెట్టి పిలిచినవాళ్ళను నేను చూడలేదు. పెద్దవాళ్ళకు లైన్‌మ్యాన్, చిన్నవాళ్ళకు లైన్‌మ్యానన్న. నేను లైన్‌మ్యానన్న కూతుర్ని. అందుకే అది తెలుగు మాటే అనుకుంటూ పెరిగాను. బావి, బిందె, దండెం, లైను. అన్నీ మా ఇంటి మాటలే.

మా బడిలో ఇంగ్లీషు ఆరో తరగతిలో మొదలయ్యేది. సార్ నాలుగు గీతల కాపీ పుస్తకం కొనుక్కు రమ్మన్నారు. పైనా కిందా ఎర్రగీతలు, మధ్యలో రెండు నీలం గీతలు. "ఎల్ పై లైను తాకాలి, ఐ మధ్యలో కూర్చోవాలి, జీ తోక కింది లైను దాకా దిగాలి" అని బోర్డు మీద గీసి చూపించారు. మా ఇంటి మాట సార్ నోట విని నాకు ఒళ్ళు ఝల్లుమంది. నాయన మాట ఈయనకెట్టా తెలుసు?

కిటికీలోంచి చూస్తే బడి ముందర స్తంభం. దానికి తీగలు ఒకదాని కింద ఒకటి. మూడు ఫేజులు, వీధిదీపాల తీగ, న్యూట్రల్. వాటి మీద కాకులు, కొన్ని పై తీగ మీద, కొన్ని మధ్యలో. కాపీ పుస్తకంలో అక్షరాలు అచ్చం అట్లాగే కూర్చోవాలని సార్ చెబుతున్నారు. నా చేతిరాత ఆ రోజే కుదిరింది. ఇప్పటికీ 'ఎల్' రాస్తే నా కంటికి పై తీగ మీద కాకి కనబడుతుంది.

ఇక బడిలో ఆ మాట చేయని పని లేదు. పొద్దున్నే ప్రార్థనకు లైను. నోట్సులో ఒక లైను వదిలి రాయాలి. పద్యం అప్పజెప్పేటప్పుడు ఒక లైను మింగితే బెత్తం. లెక్కల సార్ అయితే లైను అంటే వెడల్పు లేని పొడవు అన్నారు. యూక్లిడ్ అనే గ్రీకు ఆయన రెండు వేల ఏళ్ళకు ముందే అట్లా చెప్పాడట.

ఆ సాయంత్రం నాయనతో ఈ సంగతి చెప్పాను. "వెడల్పు లేకుండా లైనెట్టుంటది పాపా?" అని సైకిల్‌కు తగిలించిన సంచిలోంచి జానెడు తుంట తీగ తీసి, కోసిన కొస నా కళ్ళ ముందు పెట్టాడు. నడుమ ఒక ఉక్కు పోగు. దాని చుట్టూ ఆరు అల్యూమినియం పోగులు, జడ అల్లినట్టు మెలితిరిగి. "నడిమిది బరువు మోస్తది. చుట్టూ ఉండేవి కరెంటు మోస్తయ్. ఉక్కులో కరెంటు సరిగ్గా పోదు, అల్యూమినానికి బలం చాలదు. అందుకని రెండిటినీ కలిపి పేనారు" అన్నాడు. ఆయన వాడిన మాట పోగు. పేనారు. తాడు గురించి, దారం గురించి చెప్పే మాటలు. అప్పుడు నేను పట్టించుకోలేదు, చాలా ఏళ్ళ తర్వాత గుర్తొచ్చాయి.

మా పెద్దమామ సింగరాయకొండ స్టేషన్లో పాయింట్స్‌మ్యాన్. కందుకూరుకు రైలు లేదు. మేము మద్రాసు పోవాలన్నా, బెజవాడ పోవాలన్నా సింగరాయకొండ పోయి ఎక్కాల్సిందే. ఒక సంక్రాంతికి అమ్మమ్మ ఇంటి ముందు వేపచెట్టు కింద నులకమంచాల మీద నాయనా, మామా పడుకుని మాట్లాడుకుంటున్నారు. మామ ఏదో డ్యూటీ సంగతి చెబుతూ "అవతల స్టేషన్ నుంచి లైన్ క్లియర్ రాలా, బండి అట్టనే నిలబడింది" అన్నాడు.

నాయన లేచి కూర్చున్నాడు. "మీకు గూడా ఉందా బావా ఆ మాట?"

మామ వివరంగా చెప్పాడు. రెండు స్టేషన్ల నడుమ పట్టాల మీద ఒక దిక్కుకు ఒకసారి ఒక్క బండే ఉండాలి. ఈ స్టేషన్ మాస్టరు బండిని వదలబోయే ముందు అవతలి స్టేషన్ మాస్టరును అడగాలి. ముందు పోయిన బండి పూర్తిగా చేరి, దారి ఖాళీ అయిందని ఆయన ఒప్పుకుంటేనే లైన్ క్లియర్. అది వస్తేనే సిగ్నలు పడేది.

"మాకు లైన్ క్లియర్ వస్తే బండి కదలాల్సిందే బావా" అన్నాడు మామ.

"మాకు లైన్ క్లియరంటే ఏదీ కదలగూడదు" అన్నాడు నాయన.

ఇద్దరూ కాసేపు మాట్లాడలేదు. ఒకాయనకు ఆ మాట పరుగు, ఇంకొకాయనకు ఆగడం. పన్నెండేళ్ళ పిల్లనైనా నాకు అది ఎంతో పెద్ద సంగతిగా తోచింది. చివరికి మామే తేల్చాడు. "ఖాళీగా ఉండాదనే గదా బావా రెండిటికీ అర్థం. మా దాంట్లో పట్టా ఖాళీ, మీ దాంట్లో తీగ ఖాళీ. ఆ ఖాళీలోకి మాకు బండి పోద్ది, మీకు మనిషి పోతాడు."

ఇప్పుడు పేపరు తెరిస్తే ఉద్యోగాల భర్తీకి లైన్ క్లియర్, సినిమా విడుదలకు లైన్ క్లియర్ అని కనబడుతుంది. అడ్డం తొలగిందని చెప్పడానికి అంతకంటే పొట్టిమాట దొరకదు, బాగానే ఉంటుంది. నాకు మాత్రం ఆ రెండు మాటలు చూసినప్పుడల్లా వేపచెట్టు కింది ఆ రెండు మంచాలు గుర్తొస్తాయి.

నాయన వాళ్ళు లైన్ క్లియర్‌ను ఎల్సీ అనేవాళ్ళు. పని చేయాలంటే ముందు సబ్‌స్టేషన్‌కు పోవాలి. ఫలానా ఫీడరు మీద, అంటే సబ్‌స్టేషన్ నుంచి ఊళ్ళకు పోయే ఫలానా లైను మీద, ఫలానా చోట పని ఉందని పుస్తకంలో రాసి సంతకం పెట్టాలి. ఆపరేటరు ఆ ఫీడరు ఆపి, నంబరూ టైమూ వేసి కాగితం ఇస్తాడు. ఆ కాగితం చొక్కా జేబులో పెట్టుకుని, సైకిలు తొక్కుకుంటూ పని జాగాకు వచ్చి, అక్కడ తీగలను విడదీసే ఏబీ స్విచ్ దించి, దానికి తాళం వేసి, మూడు తీగలనూ గొలుసుతో కలిపి భూమికి కట్టి, అప్పుడు నిచ్చెన వేయాలి. పని అయ్యాక మళ్ళీ సబ్‌స్టేషన్‌కు పోయి ఎల్సీ తిరిగిచ్చి, అందరూ దిగారని చెబితేనే లైను చార్జి చేసేది, అంటే మళ్ళీ కరెంటు వదిలేది. ఊరు మొత్తం "ఏంది లైన్‌మ్యానూ, ఇంకా ఎంతసేపు?" అని విసుక్కుంటున్నా నాయన ఒక్క మెట్టు కూడా తప్పించేవాడు కాదు.

దానికో కారణం ఉంది. నాయనతో కలిసి పనిచేసే ఒకాయన ఉండేవాడు. నేను చిన్నాయనా అని పిలిచేదాన్ని. ఇంటికొస్తే నా జడ లాగి, జేబులోంచి నువ్వుల ఉండ తీసిచ్చేవాడు. ఒకరోజు ఒకే ఫీడరు మీద రెండు చోట్ల రెండు జట్లు పనిచేస్తున్నాయి. ఒక జట్టు పని ముగించుకుని ఎల్సీ తిరిగిచ్చింది. రెండో జట్టు ఇంకా పైనే ఉందన్నది ఆ నిమిషంలో ఎవరి తలకూ తట్టలేదు. లైను చార్జి అయింది. చిన్నాయన బతికాడు గానీ కుడిచెయ్యి మోచేతి దాకా తీసేశారు. ఎవరి పొరపాటన్నది ఇప్పుడు తవ్వి తీసి ప్రయోజనం లేదు. ఆ తర్వాత ఆయన ఇంటికొచ్చినప్పుడు ఎడమచేత్తో నువ్వుల ఉండ ఇచ్చాడు. నేను రెండు చేతులతో తీసుకున్నాను. అమ్మ వంటింట్లోకి పోయి చాలాసేపు బయటికి రాలేదు.

ఆ రోజు నుంచి నాయన సబ్‌స్టేషన్లో ఇంకొక ప్రశ్న కూడా అడిగేవాడట. "ఈ ఫీడరు మీద ఇంకో జట్టేదన్నా ఉందా?" అని. పుస్తకంలో కనబడుతున్నా సరే, నోటితో చెప్పించుకునేవాడు.

1989 నవంబరు తుఫాను మా వయసువాళ్ళెవరూ మర్చిపోరు. ఎక్కడో థాయిలాండ్ దగ్గర సముద్రంలో పుట్టి, ఆ నేల దాటి బంగాళాఖాతంలోకి వచ్చి, 8వ తేదీ రాత్రి మా పక్కనే కావలి దగ్గర తీరం దాటింది. ఆ రాత్రి గాలి చప్పుడు గాలి చప్పుడులా లేదు, నెత్తి మీదుగా గూడ్సు బండి ఆగకుండా పోతున్నట్టు ఉంది. తెల్లారి చూస్తే మా వీధి స్తంభాలు నడుములు విరిగి తీగల మీదే వేలాడుతున్నాయి. నాయన అప్పటికే సంచి భుజాన వేసుకున్నాడు. "లైను మీదికి పోతుండా" అని ఒక్కమాట అమ్మకు చెప్పి వెళ్ళాడు. అసలు ఊళ్ళో లైనే మిగల్లేదు.

తొమ్మిదో రోజు సాయంత్రం బట్టలు మార్చుకోవడానికి వచ్చాడు. అరచేతులు పగిలిపోయి ఉన్నాయి. అమ్మ తడిసిన చొక్కా విప్పించి జేబులో చెయ్యి పెడితే కాగితాల ముద్ద వచ్చింది. ఎల్సీ కాగితాలు. ఆమె వాటిని ఒక్కొక్కటిగా ఊడదీసి, పొయ్యి పక్కన పీట మీద పరిచింది. లాంతరు వెలుగులో నేను వాటి మీదికి వంగి కూర్చున్నాను. నీలం సిరా కరిగి పాకిపోయింది. నంబర్లు సగం కనబడుతున్నాయి, సగం లేవు. ఒక కాగితం మీద మాత్రం పైన ఇంగ్లీషులో రెండు మాటలు చెక్కుచెదరకుండా ఉన్నాయి. ఒక్కో అక్షరం కూడబలుక్కుని చదివాను. లైన్, క్లియర్. కింద మూలన నాయన తెలుగు సంతకం. బడి పుస్తకం కాకుండా బయట నేను సొంతంగా చదివిన మొదటి ఇంగ్లీషు అదే.

నాయన పీట పక్కనే గోడకు ఆనుకుని అప్పటికే నిద్రపోయాడు. అన్నం కలిపిన చెయ్యి అట్లాగే ఎండిపోయింది.

ఇంటర్ చదువుకు ఒంగోలు పోతే అక్కడ లైనుకు ఇంకో అర్థం ఎదురైంది. ఒంగోల్లో వీధికి లైనంటారు. రామ్‌నగర్ మూడో లైను, భాగ్యనగర్ నాలుగో లైను. అడ్రసు చెప్పాలంటే పేట పేరు, లైను నంబరు, అడ్డరోడ్డు. నన్ను హాస్టల్లో దింపడానికి వచ్చిన రోజు నాయన రిక్షా మాట్లాడుతూ ఆ మాట విని తలెత్తి తీగల వంక చూడటం నాకింకా గుర్తు. ఆడపిల్లలం నలుగురం నడిచిపోతుంటే వెనక సైకిళ్ళ మీద వచ్చే కుర్రాళ్ళ గురించి హాస్టల్లో వాడే లైను ఒకటి ఉండేది. దాన్ని ఇంట్లో ఎవరూ నోటితో అనలేదు, నేనూ అనలేదు.

ఒంగోల్లో నాకు అన్నిటికంటే ముఖ్యమైన లైను టెలిఫోనుది. మా ఇంట్లో ఫోను లేదు. నాలుగిళ్ళ అవతల ఎరువుల కొట్లో ఉండేది. ఆదివారం సాయంత్రం ఎస్టీడీ బూత్ ముందు లైన్లో నిలబడి, వంతు వచ్చాక నంబరు తిప్పితే ముందు లైను దొరికేది కాదు. దొరికితే గరగర. అది పోతే కొట్టు ఆయన గొంతు. "లైన్లో ఉండమ్మా, పిలిపిస్తా" అని రిసీవర్ బల్ల మీద పెట్టేవాడు. ఎదురుగా మీటరులో ఎర్ర అంకెలు మారిపోతుంటాయి. ఆ మూడు నాలుగు నిమిషాలు ఫోన్లో ఎవరూ మాట్లాడేవాళ్ళు కాదు. బస్తాలు దించే చప్పుడు, తక్కెడ గొలుసు, ఎవరో బేరమాడటం, సైకిల్ బెల్లు. మా వీధి మొత్తం చెవిలో వినబడేది. తర్వాత నాయన ఆయాసపడుతూ "పాపా" అనేవాడు. ఇంకేం మాట్లాడుకున్నామో ఒక్కటీ గుర్తులేదు. బాగుండావా, బాగుండా, అంతే అయి ఉంటుంది. లైన్లో ఉండటం అంటే ఏమిటో మాత్రం నాకు బాగా తెలుసు.

చదువయ్యాక హైదరాబాదులో పాఠ్యపుస్తకాలు తయారు చేసే ఒక ఆఫీసులో చేరాను. ఏ లైన్లో స్థిరపడ్డావని చుట్టాలు అడిగితే పుస్తకాల లైనని చెప్పేదాన్ని. మొదటి ఏడాది ఒక పుస్తకం ప్రెస్సుకు పోవాల్సిన గడువు నెత్తి మీదికి వచ్చింది. నాలుగు రోజులు సరిగా నిద్రలేదు. నాయన ఫోను చేస్తే ఏడుపు గొంతుతో అన్నాను. "డెడ్‌లైను ఉంది నాయనా, శుక్రవారం. చాలా టెన్షన్‌గా ఉంది."

అవతల ఒక్క క్షణం ఏమీ వినబడలేదు. తర్వాత ఎంతో నెమ్మదిగా అన్నాడు. "డెడ్ లైనైతే భయమెందుకు పాపా? డెడ్డైతేనే గదా మనం ఎక్కేది."

నేను ఫోను పట్టుకుని అట్లాగే కూర్చున్నాను. కరెంటు పనిలో లైవ్ లైను అంటే ప్రాణం తీసేది. డెడ్ లైను అంటే అన్ని వైపులా ఆపి, భూమికి కట్టి, చెయ్యి వేయొచ్చని నమ్మకం కుదిరినది. ముప్పై ఏళ్ళు ఆయన ఇంటికి తిరిగొచ్చింది ఆ డెడ్ లైన్ల పుణ్యాన. ఆయన దగ్గర ఆ మాటకు ఉన్న అర్థం తప్ప ఇంకో అర్థం లేదు, నా ధైర్యం కోసం ఉన్నది ఉన్నట్టు చెప్పాడు. ఆ రాత్రి పని ముందుకు సాగింది.

ఆఫీసు డెడ్‌లైను ఎక్కడిదో తర్వాత తెలుసుకున్నాను. అమెరికా అంతర్యుద్ధం నాటిది. 1864లో జార్జియా రాష్ట్రంలో ఆండర్సన్‌విల్ అనే చోట యుద్ధఖైదీల జైలు ఉండేది. దాని ప్రహరీకి లోపలి వైపు కొన్ని అడుగుల దూరంలో ఒక హద్దు పెట్టారు. దాన్ని దాటిన ఖైదీని కావలివాళ్ళు కాల్చేయొచ్చు. ఆ హద్దు పేరు డెడ్ లైన్. తర్వాతి రోజుల్లో పత్రికాఫీసులు ఆ మాటను గడువుకు వాడుకున్నాయి. దాటితే చావు అన్న మాట ఒకరిది, చావు లేదన్న మాట ఇంకొకరిది. అక్షరం తేడా లేదు.

అప్పటి నుంచే నాకు ఇంగ్లీషు నిఘంటువుల పిచ్చి పట్టుకుంది. 'రన్' అనే క్రియకు ఆక్స్‌ఫర్డ్ నిఘంటువు వాళ్ళు 645 అర్థాలు తేల్చారని 2011లో చదివినప్పుడు ఆశ్చర్యపడ్డాను గానీ, నా మనసు లైను మీదే. దాని పుట్టుక వెతికాను. లాటిన్లో 'లీనుం' అంటే అవిసె. మనం కారప్పొడి చేసుకునే అవిసె గింజల మొక్కే. దాని కాడల నార తీసి వడికిన దారం 'లీనియా'. అదే లైను. లినెన్ గుడ్డ దాని తోబుట్టువు. లిన్సీడ్ నూనె దాని తోబుట్టువు. అంటే గీత కంటే ముందు దారం. స్తంభం, పట్టా, ఫోను, వీధి, ఇవన్నీ ఆ నార దారం కొస పట్టుకుని వచ్చినవే.

ఇంకో మాట చూసి పుస్తకం మూసేశాను. లైనింగ్. జాకెట్టు లోపల వేసే రెండో గుడ్డ. పూర్వం ఐరోపాలో బట్టల లోపలి పొరకు లినెన్ వాడేవాళ్ళు కాబట్టి దానికీ ఆ అవిసె పేరే వచ్చింది.

మా అమ్మ నలభై ఏళ్ళు జాకెట్లు కుట్టింది. "లైనింగుకు వేరే డబ్బులు" అని వచ్చినవాళ్ళకు చెప్పే మాట నా చెవుల్లో ఉంది. నాయన లైను మీద ఉన్న రాత్రుళ్ళు ఆమె మిషను ముందు కూర్చునేది. కరెంటు లేకపోతే లాంతరు పెట్టుకుని, పట్టు జాకెట్టు లోపల తెల్ల పాప్లిన్ లైనింగ్ పెట్టి, ముడతలు రాకుండా వేలితో ఒత్తి, చిన్న చిన్న కుట్లు వేసేది. పైకి కనబడని కుట్లు. ఎల్సీ కాగితం ఒకరి జేబులో, లైనింగ్ గుడ్డ ఒకరి ఒళ్ళో. ఇన్నేళ్ళూ మా ఇంట్లో ఉన్నది ఒకటే మాటని నాకు తెలియలేదు.

సెలవుకు ఇంటికి పోయినప్పుడు ఇద్దరికీ చెప్పాను. అమ్మ దారం పళ్ళతో తెంపుతూ "మీ నాయనకు చెప్పు, నాకేం తెలుసు" అంది గానీ మిషను ఆపి వింది. నాయనకు ఆశ్చర్యం కలగలేదు. "ముందు దారమే గదా పాపా. మేస్త్రీ గోడ లేపాలంటే ఏం చేస్తాడు? ఈ కొసనుంచి ఆ కొసకు లైను దారం కడతాడు. మేం స్తంభాలు పాతేటప్పుడు తాడు లాగి చూసుకోమా? మా అయ్య పొగాకు నాటేటప్పుడు తాడు పట్టే సాళ్ళు తీసేవాడు. దారం లాగినాకే గీత" అన్నాడు. నేను నిఘంటువులో వారం రోజులు వెతికిన సంగతి ఆయన చేతులకు ముందే తెలుసు.

సాలు అని ఎంత తేలిగ్గా అన్నాడో. లైను చేసే ప్రతి పనికీ మనకు విడివిడిగా మాటలున్నాయి. చేలో అయితే సాలు, మనుషులు నిలబడితే బారు, పలక మీద గీత, పద్యంలో పాదం, పొలానికి హద్దు, బట్టలారేసుకోవడానికి దండెం. పెళ్ళిళ్ళలో వరుసగా కూర్చుని తినేది బంతి, అది సంస్కృతం పంక్తి నుంచి వచ్చింది. రాసే వరుసకూ పంక్తే, తినే వరుసకూ పంక్తే. బంతిలో వలపక్షం కూడదని అమ్మమ్మ వడ్డించేటప్పుడు అనేది. వీటిలో సగం నా పిల్లలకు తెలియవు. ఒక్క లైనుతో వాళ్ళకు పని జరిగిపోతోంది. నాకు అది బాధగానే ఉంది, దాచుకోను. కానీ ఆ లైను తీసేయమంటే నాయన మాట తీసేసినట్టే. అది కూడా నాకు ఇష్టం లేదు.

కందుకూరుకు ఇంకో లైను కథ ఉంది. మా నాయన నెల్లూరు జిల్లాలో పుట్టాడు. 1970లో గుంటూరు, నెల్లూరు, కర్నూలు జిల్లాల నుంచి కొన్ని తాలూకాలు తీసి ఒంగోలు జిల్లా చేశారు, అందులో కందుకూరు కూడా పోయింది. 1972లో ఆ జిల్లాకు టంగుటూరి ప్రకాశం పంతులు గారి పేరు పెట్టారు. నేను ప్రకాశం జిల్లాలో పుట్టాను. 2022 ఏప్రిల్ 4న కొత్త జిల్లాలు వచ్చినప్పుడు కందుకూరును మళ్ళీ నెల్లూరులో కలిపారు. మా ఇంటి గడప అక్కడే ఉంది. మ్యాపులో లైను మాత్రం మా నెత్తి మీదుగా అటు ఒకసారి, ఇటు ఒకసారి పోయింది. "జిల్లా ఏదైతేనేం, మన ఫీడరు మారలేదు గదా" అన్నాడు నాయన.

రెండేళ్ళ క్రితం నాయనకు ఒంట్లో బాగాలేక ఆస్పత్రిలో పెట్టాం. సెలైను ఎక్కించారు. ఇనుప స్టాండుకు సీసా, దాన్నుంచి సన్నటి గొట్టం వంపుగా వేలాడుతూ ఆయన చేతికి దిగింది. సెలైనుకూ లైనుకూ ఏ చుట్టరికమూ లేదు, అది ఉప్పు నుంచి వచ్చిన మాట. అయినా నర్సు "లైను సరిగ్గా పోవట్లేదు" అని గొట్టం సరిచేస్తుంటే నాయన కళ్ళు తెరిచి స్టాండు వంక చూశాడు. పై నుంచి కింది దాకా, ముడి ఎక్కడుందో, వంపు ఎంతుందో చూసి, మళ్ళీ కళ్ళు మూసుకున్నాడు. కుదుటపడి ఇంటికొచ్చాడు.

పోయిన వేసవిలో మేమంతా కందుకూర్లో ఉన్నాం. మధ్యాహ్నం కరెంటు పోయింది. సాయంత్రానికి కొత్త లైన్‌మ్యాన్ బండి మీద వచ్చాడు. పాతికేళ్ళుంటాయి. మా వీధి చివర స్తంభానికి నిచ్చెన ఆనించాడు. నాయన అరుగు మీద నుంచి లేచి, చెప్పులు వేసుకుని, చేతికర్ర పుచ్చుకుని అక్కడికి నడిచాడు. నేను వెనకే పోయాను.

"ఎల్సీ తీసుకున్నావా అబ్బాయా?"

ఆ అబ్బాయి విసుక్కోలేదు. సెల్‌ఫోను తీసి, నంబరూ టైమూ ఉన్న మెసేజీ చూపించాడు. నాయన కళ్ళజోడు పైకి తోసి, ఫోనును కాస్త దూరంగా పట్టుకుని, ఒక్కో అంకె చదివాడు.

"ఈ ఫీడరు మీద ఇంకో జట్టేదన్నా ఉందా?"

"లేదు తాతా."

"అడిగావా, నువ్వే అనుకున్నావా?"

ఆ అబ్బాయి ఒక్క క్షణం నాయన ముఖంలోకి చూశాడు. తర్వాత పక్కకు తిరిగి ఫోను చేశాడు. అవతలి మాట విన్నాక స్పీకరు నొక్కి నాయన వైపు పట్టాడు. లేదని ఆపరేటరు ఇంకోసారి చెప్పాడు.

నాయన చేతికర్ర నాకిచ్చి, రెండు చేతులతో నిచ్చెన పట్టుకున్నాడు.